బుల్లోడి చెవి, చెరువుగట్టు గుంజ

బుల్లోడు తల ఎడమవైపుకి వాల్చి నడవడం మొదలుపెట్టి అప్పటికి రెండేళ్ళు దాటింది. రోజూ చూసే కళ్ళకి ఎంత వంకరైనా తిన్నగానే కనిపిస్తుంది. చెరువు కావలి జ్ఞానయ్యకి అదే జరిగింది. గట్టు మీద పోయేవాళ్ళు ఎవరైనా "ఏంటి బాబాయ్, మీ కుక్కకి మెడ పట్టేసిందా?" అని అడిగితే, "వాడి నడకే అంతరా" అనేసి ఊరుకునేవాడు. ఆయన కూతురు సలోమి మాత్రం ఊరుకోలేకపోయింది. ఆ పిల్ల మాట్లాడేది తక్కువ, చూసేది ఎక్కువ. కుక్క రోజుకి ఎన్నిసార్లు తల విదిలిస్తుందో, అన్నం ఏ పక్క పళ్ళతో నములుతుందో, ఆవలించబోయి సగంలోనే ఎందుకు నోరు మూసేస్తుందో ఆమెకి తెలుసు.

వాడు పుట్టింది ఏలూరులో. ఒక బ్యాంకు ఆఫీసరు బదిలీ మీద వెళ్ళిపోతూ సూర్యప్రకాశరావుగారికి ఇస్తే, ఆయన తెచ్చి తన చేపల చెరువు మీద వదిలారు. సగం లాబ్రడారు, సగం ఏలూరు. చెవులు అరచేతులంత, కిందికి వేలాడుతూ ఉండేవి. నీళ్ళు కనిపిస్తే ఇక ఆగేవాడు కాదు. గుండుగొలనుకి దిగువన, కొల్లేటి వైపున్న ఆ ముప్పై ఎకరాల చెరువులో బొచ్చెలూ శీలావతులూ ఎంత ఈదేవో బుల్లోడూ అంతే ఈదేవాడు. ఈదొచ్చి ఎండలో పడుకుంటే ఒళ్ళు ఆరేది, మూతపడ్డ చెవుల్లో తడి మాత్రం ఆరేది కాదు. జబ్బు అక్కడ మొదలైంది.

చెరువు మీద వాడికొక ఉద్యోగం ఉంది. ఆ ఉద్యోగం అర్థం కావాలంటే ముందు తాడు సంగతి చెప్పాలి. చెరువుకి అడ్డంగా వెదురు గెడలు పాతి, వాటి మీదుగా నైలాను తాడు లాగి, బారకొకటి చొప్పున గులకరాళ్ళు వేసిన పాత డబ్బాలు కట్టాడు జ్ఞానయ్య. తాడు ఒక కొస అవతలి గట్టు వెంబడి, దిగేవాడి మోకాలికి తగిలేలా సాగుతుంది. రెండో కొస ఇవతల వాళ్ళుండే పాక ముందు పాతిన తుమ్మ గుంజకి బిగించి ఉంటుంది. తెలతెలవారుతుండగా నీటికాకులు వచ్చి తాడు మీద వాలినా, మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ ఎవడైనా విసురువల పట్టుకుని అవతలి గట్టు దిగినా, తాడు కదిలి డబ్బాలు మోగుతాయి. అంత దూరాన మోగే డబ్బా మనిషి చెవికి ఆనదు. బుల్లోడు మాత్రం లేచేవాడు. లేచి గట్టు పొడుగునా ఉరికేవాడు. వాడు వచ్చాక చెరువులో దొంగవల ఒక్కటి కూడా పడలేదని జ్ఞానయ్య ఊరంతా చెప్పుకునేవాడు.

"అవి చెవులు కావండీ బాబుగారూ, రేడియోలు!" అనేవాడు రావుగారితో.

ఆ రేడియోల్లోంచి చీము కారడం మొదలయ్యాక జ్ఞానయ్య చెయ్యని వైద్యం లేదు. వెల్లుల్లి కాచిన నూనె పోశాడు. ఆసుపత్రిలో రాసిచ్చిన చుక్కలు సీసాల కొద్దీ వేశాడు. నెల తగ్గేది, మళ్ళీ మొదలయ్యేది. ఆఖరికి ఒకరోజు, చేపల ఒంటి మీద పుండ్లు పడితే చెరువులో కలిపే పర్మాంగనేటు తీసి, గ్లాసు నీళ్ళలో కలిపి, ఆ ఊదారంగు నీళ్ళు కుక్క చెవిలో పోశాడు.

"చేపకి పనిచేసింది కుక్కకి చెయ్యదేంటే?" అన్నాడు భార్యతో.

"చెయ్యకేం. రేపు నాకు జలుబు చేస్తే చెరువులో చల్లే సున్నం నా మీద చల్లండి" అంది కనకమ్మ.

బుల్లోడు ఆ రోజంతా తవుడు బస్తాల వెనక దూరి బయటికి రాలేదు.

రెండువేల ఎనిమిది అక్టోబరు నాటికి వాడి ఎడమ చెవి లోపల తోలు మడతలు పడి, చెట్టు బెరడులా గట్టిపడిపోయింది. ఒకప్పుడు వేలు దూరిన చోట అగ్గిపుల్ల దూరడం లేదు. వాసనకి పక్కన కూర్చోలేకపోయేవాళ్ళు. సలోమి ఎవరితోనూ చర్చ పెట్టుకోలేదు. తవుడు దించి ఖాళీగా వెళ్ళే ట్రాలీ ఆటోలో వాడిని ఎక్కించి, తాను పక్కన కూర్చుని, తాడేపల్లిగూడెం తీసుకెళ్ళింది. అక్కడ డాక్టరు ఉమాకుమారి కొత్తగా జంతువుల క్లినిక్ పెట్టారు. కుక్కలకి కోత వైద్యం బాగా చేస్తారని ఆటో అబ్బులు చెప్పాడు.

డాక్టరమ్మ చెవిలోకి లైటు వేసి చూశారు. దవడ ఎముక కింద బొటనవేలితో నొక్కితే బుల్లోడు కుయ్యిమన్నాడు. మనుషుల ఎక్స్‌రే సెంటరుకి పంపి ఫిల్ము తీయించి, కిటికీకి ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూశారు.

"లోపలంతా ఈ గోధుమరంగు మరకలేంటమ్మా?"

సలోమి చెప్పింది. డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆగింది.

"మీ నాన్నగారు చేపల డాక్టరా?"

"చెరువు కావలండి."

"ఆయన్ని చేపల దగ్గరే ఉండమను" అన్నారు. తర్వాత చీటీ వెనక బొమ్మ గీసి చూపించారు. "కుక్క చెవి మనలాగ తిన్నగా లోపలికి పోదు. కిందికి దిగి, అక్కడ మలుపు తిరుగుతుంది. చేలోకి నీళ్ళొచ్చే బోదె ఉంటుంది చూడు, అలాగనుకో. దీని బోదె గట్లు వాచి, పూడిపోయి, రాయిలా అయిపోయాయి. బోదె చివర, కర్ణభేరి వెనకాల, గోలీకాయంత ఎముక గది ఉంటుంది. చీమంతా అందులో గూడు కట్టుకుంది. పైనుంచి నువ్వెన్ని చుక్కలు వేసినా అక్కడికి చేరవు."

"అయితే ఏం చెయ్యాలండి?"

"బోదె మొత్తం తీసెయ్యాలి. గది తెరిచి, గీకి, కడిగి మూసెయ్యాలి. పై చెవి అలాగే వేలాడుతుంది. చూసేవాళ్ళకి తేడా తెలీదు. లోపలికి దారి ఉండదు, అంతే. నొప్పి పోతుంది. ఈ నొప్పి మనకైతే గోడకేసి తల బాదుకునేవాళ్ళం. ఇది మాట్లాడలేక ఊరుకుంటోంది."

"మీరు ఇంతకుముందు చేశారాండీ ఇది?"

అడిగాక సలోమికే భయమేసింది, తప్పుగా అనుకుంటారేమోనని. డాక్టరమ్మ నవ్వారు. "చదువుకునేటప్పుడు మా సారు పక్కన నిలబడి నాలుగు చేశాను. సొంతంగా రెండు చేశాను. రెండూ ఇప్పుడు హాయిగా తిరుగుతున్నాయి. ఇది మూడోది అవుతుంది. కానీ ముందే చెప్తున్నా, ఆ చెవితో వినడం పోతుంది. కుడి చెవీ ఇదే దారిలో ఉంది, ఇంకో నెలన్నర ఆగి అదీ చెయ్యాల్సిందే. ఇంట్లో అడిగి రా."

ఇంట్లో అడిగేసరికి జ్ఞానయ్య లుంగీ ఎగ్గట్టి గట్టు మీద అటూ ఇటూ తిరిగాడు. "రెండు చెవులూ మూసేస్తారా? చెవుల్లేకపోతే వాడికి చెరువు మీద పనేముంటుందమ్మా?"

ఆయన భయం ఉత్తదేం కాదు. రెండేళ్ళ కిందట సర్కారువాళ్ళు పక్షుల అభయారణ్యం కోసం కొల్లేరు లోపలి చెరువుల గట్లు తవ్వేసినప్పుడు, ఎంతోమంది కావలివాళ్ళ పని పోయింది. ఈ చెరువు ఆ హద్దుకి అవతల ఉండబట్టి నిలిచింది. మిగిలిన పనిని జ్ఞానయ్య గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక సూర్యప్రకాశరావుగారు జీపు వేసుకుని వచ్చారు. సంగతి విని, మీసం దువ్వుకుని, తేల్చేశారు.

"వినపడని కుక్క చెరువు మీదెందుకయ్యా జ్ఞానయ్యా? కామవరపుకోటలో మా తోడల్లుడి తోటలో మంచి పిల్లలున్నాయి. ఒకటి తెచ్చేద్దాం."

"మరి వీడినండీ?"

"ఏం చేస్తాం? హైవే మీద ఏ డాబా దగ్గరైనా దింపేస్తే, నాలుగు ఎముకలు దొరుకుతాయి, బతుకుతాడు."

పాక నీడలో, చేపల మేతకి చెరువులో వేలాడదీసే తవుడు సంచులకి కన్నాలు పెడుతున్న సలోమి లేచి నిలబడింది. రావుగారి ముందు ఆమె గొంతు విప్పడం అదే మొదటిసారి.

"బుల్లోడికి ఇప్పుడు కూడా వినపడదండి."

"ఏంటమ్మాయ్?"

"ఏడాదైందండి. రెండు చెవులూ వినపడవు."

"ఏంటే ఆ మాటలు!" అన్నాడు జ్ఞానయ్య. "నిన్న కాక మొన్న నీటికాకుల్ని తరిమింది ఎవరు మరి? నేనా?"

బుల్లోడు ఎప్పటిలాగే తుమ్మ గుంజ మొదట్లో పడుకుని, కుడి దవడ గుంజకి ఆనించి నిద్రపోతున్నాడు. సలోమి వెళ్ళి గుంజకి ఉన్న తాడు ముడి విప్పింది. దాన్ని తీసుకొచ్చి నాలుగు బారల అవతల పాక రాటకి కట్టింది.

"బాబుగారండీ, ఒకసారి హారన్ కొట్టండి."

రావుగారు నవ్వుతూ జీపులోకి వంగి హారన్ నొక్కారు. కొంగలు గుంపుగా లేచిపోయాయి. కనకమ్మ లోపలినుంచి "ఎవరండీ?" అంటూ వచ్చింది. బుల్లోడి చెవి కూడా కదల్లేదు. ఆయన నవ్వు ఆపి మళ్ళీ నొక్కారు, ఈసారి చెయ్యి తియ్యకుండా. బుల్లోడి పొట్ట నిద్రలో మెల్లగా పొంగుతూ దిగుతూ ఉంది.

సలోమి తాడు విప్పి తీసుకెళ్ళి మళ్ళీ గుంజకి బిగించింది. గట్టు మీద ఇరవై అడుగులు నడిచి, తాడుని చిటికెన వేలితో మీటింది. డబ్బా ఒక్కటీ మోగలేదు. బుల్లోడు స్ప్రింగులా లేచాడు. లేచి, చెరువుకేసి చూసి, ఒక్క ఉరుకున గట్టెక్కాడు.

రావుగారు గుంజనీ, గట్టెక్కిన కుక్కనీ మార్చి మార్చి చూశారు.

"పోయినేడు వానాకాలంలో పాక బాగుచేసినప్పుడు నాన్న తాడుని రాటకి కట్టాడండి" అంది సలోమి. "ఆ రెండు రోజులూ నీటికాకులు పొద్దెక్కేదాకా చేపలు తింటూనే ఉన్నాయి. వీడు లేవలేదు. అప్పుడు అనుమానం వచ్చింది. తర్వాత వెనకాల కంచాలు పడేసి చూశానండి. వాడు వినడంలేదు. గుంజలో అదురు దవడకి తెలుస్తోంది."

"అంటే ఏడాదిగా నా చెరువుని చెవిటి కుక్క కాస్తోందన్నమాట!" అన్నారు రావుగారు. కోపమో మెచ్చుకోలో ఆయనకే తెలిసినట్టు లేదు.

జ్ఞానయ్య మొహం చిన్నబోయింది. "నాకొక్క మాట చెప్పలేదేంటమ్మా?"

"రేడియోలని అందరికీ చెప్తున్నావు కదా నాన్నా. ఎలా చెప్పను?"

రావుగారు జీపెక్కి కూర్చుని, ఆలోచించి, మళ్ళీ దిగారు. "సరే, చేయించండి. ఆ ఖర్చు నేను చూసుకుంటాను. కానీ ఆ డాక్టరమ్మ ఎముక తొలుస్తానంటోంది. ఈ అదురు తెలిసేది కూడా పోతే? డిసెంబరు ఐదున పట్టుబడి. వలలు లాగే ముందు వారమే దొంగల చూపంతా చెరువు మీద ఉంటుంది. అప్పటికి తాడు కదిలితే వీడు లేవాలి. లేస్తే ఇక్కడే ఉంటాడు. లేవకపోతే కామవరపుకోట పిల్ల వస్తుంది. సరేనా?"

"సరేనండి" అంది సలోమి, నాన్న నోరు తెరిచేలోపే.

నవంబరు రెండో సోమవారం ఉదయం బుల్లోడిని బల్ల మీద పడుకోబెట్టారు. మత్తు సూది ఇచ్చే ముందు సలోమి రావుగారి ప్రశ్ననే డాక్టరమ్మని అడిగింది.

"అదురు తెలిసే లోచెవి ఇంకా లోపల, గట్టి ఎముకలో ఉంటుంది" అన్నారు ఆవిడ చేతులు రుద్ది కడుక్కుంటూ. "నేను గీకే గదికి లోపలి వైపు పైన చిన్న గట్టు ఉంటుంది. నా చెంచా ఆ గట్టెక్కదు. ఎక్కితే కుక్క తల తిరిగి పడిపోతుంది. అందుకని అస్సలు ఎక్కదు. నీకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయా?"

"చేపలు కోస్తానండి."

"అయితే రా. వరదానం ఒక్కడే ఉన్నాడు, సెలైన్ చూడాలి, ఊపిరి చూడాలి. నువ్వు లైటు పట్టుకో."

వరదానం ఆ క్లినిక్ అటెండరు, యాభై దాటిన మనిషి. గొరిగి శుభ్రం చేసిన చెవి చుట్టూ ఆకుపచ్చ గుడ్డ పరిచి, "ప్రార్థన చేసుకున్నావా అమ్మా?" అన్నాడు.

"ఆటోలోనే అయిపోయిందండి."

డాక్టరమ్మ చెవి కన్నం చుట్టూ గుండ్రంగా కోత పెట్టి, అక్కడినుంచి కిందికి ఒక గీత దించారు. ఆ తర్వాత తొందరపడలేదు. బెరడులా మారిన ఆ గొట్టాన్ని పట్టుకుని, దాన్నే అంటిపెట్టుకుని, చుట్టూ ఉన్న కండని కొంచెం కొంచెంగా విడదీస్తూ లోతుకి దిగారు. వల చిక్కు తీసేవాళ్ళ చేతులు గుర్తొచ్చాయి సలోమికి. ఎక్కడా లాగడం లేదు, తెంపడం లేదు.

"ఇదిగో, చూడు" అన్నారు ఒకచోట ఆగి. గొట్టం మలుపు కింద తెల్లటి దారంలాంటిది వంగి ముందుకి పోతోంది. "కంటి రెప్పని కదిపే నరం. వాచిన గొట్టానికి అంటుకుపోయింది, అందుకే ఇంత మెల్లగా. ఆ కొక్కెం కొంచెం ఇటు పట్టుకో. కదపకు."

సలోమి కదపలేదు. చెరువుగట్టు మీద గంటల తరబడి కదలకుండా కూర్చోవడం ఆమెకి చిన్నప్పటినుంచీ అలవాటు.

గొట్టం పుర్రె దగ్గర తెగి బయటికొచ్చింది. వరదానం దాన్ని ట్రేలో వేస్తే ఠక్కుమంది. నిజంగానే రాయి. ఆ వెనక ఎముక గది తలుపు వెడల్పు చేసేసరికి గుమ్మంలో నిలబడ్డ అబ్బులు కూడా ముక్కు మూసుకుని బయటికి పోయాడు. డాక్టరమ్మ చిన్న చెంచాతో గీకి, సెలైనుతో కడిగి, మళ్ళీ గీకి, మళ్ళీ కడిగారు. నీళ్ళు తేటగా వచ్చేదాకా ఆపలేదు. పొరలు పొరలుగా కుట్లు వేసి చేతిగడియారం చూసుకుంటే రెండున్నర గంటలు.

"అయిపోయింది" అన్నారు. ఆ మాటలో సందేహం లేదు.

మత్తు దిగుతున్నప్పుడు ఎడమ కంటి మూల వేలితో తాకారు. రెప్ప పడలేదు. మళ్ళీ తాకారు. పడలేదు.

సలోమి డాక్టరమ్మ మొహంలోకి చూసింది.

"నరం తెగలేదు. నేను చూశాను, నువ్వూ చూశావు" అన్నారు ఆవిడ. "పక్కకి పట్టుకుని ఉంచాం కదా, అలిగింది. రెండు మూడు వారాల్లో అలక తీరుతుంది. అప్పటిదాకా కన్ను ఎండిపోకుండా మూడు గంటలకోసారి ఈ చుక్కలు వెయ్యాలి. వేస్తావా?"

"వేస్తానండి."

"మీ నాన్నగారిని మాత్రం వెయ్యనీయకు."

కుట్లు గోక్కోకుండా మేత బకెట్టు అడుగు కోసి బుల్లోడి మెడకి తొడిగారు. ఎర్ర బకెట్టులోంచి తల పెట్టి చూస్తుంటే మైకు నడిచి వచ్చినట్టుండేది. ఆ బకెట్టు ఉన్నంతకాలం దవడ గుంజకి ఆనదు. తాడు అదురు తెలుస్తుందో లేదో చూసే దారి లేదు. జ్ఞానయ్య తానే తెల్లారగట్ల లేచి గట్టు తిరిగాడు. తిరుగుతూ పాక వైపు చూసేవాడు. పర్మాంగనేటు డబ్బాని కనకమ్మ బియ్యం డ్రమ్ము వెనక దాచింది.

ఆరో రోజు పొద్దున బుల్లోడు ముందు కాళ్ళు చాచి, నోరు తెరిచి ఆవలించాడు. సలోమి చుక్కల సీసా పట్టుకుని ఆగిపోయింది. నోరు ఇంకా తెరుచుకుంది, ఇంకా తెరుచుకుంది, వెనక దవడపళ్ళన్నీ కనపడేదాకా తెరుచుకుని, చివర సన్నటి కూతతో మూసుకుంది. సగంలో ఆగలేదు. ఆ ఆవలింతకి రెండేళ్ళు పట్టింది.

పద్నాలుగో రోజున కుట్లు విప్పారు. ఇరవయ్యో రోజున, అంటే నవంబరు నెలాఖరున, కంట్లో చుక్క వెయ్యబోతుంటే ఎడమ రెప్ప సగం మూసుకుంది. సలోమి సీసా పక్కన పెట్టి వేలితో తాకింది. మళ్ళీ మూసుకుంది. ఆ రోజే బకెట్టు తీసేశారు.

ఇంట్లో ముగ్గురూ చూస్తుండగా బుల్లోడు ఒళ్ళు దులుపుకున్నాడు. గుంజ దగ్గరికి వెళ్ళి వాసన చూశాడు. కాలెత్తాడు. తర్వాత దాన్ని దాటి వెళ్ళి, పాక పక్కన నీడలో బోర్లించి ఉన్న పాత దోనె ఎక్కి, ఎడమ చెంప చెక్క మీద పరిచి, హాయిగా నిద్రపోయాడు.

మర్నాడూ అంతే. నీటికాకులు దిగాయి, తాడు ఊగింది, డబ్బాలు మోగాయి. బుల్లోడు దోనె మీద గురక పెట్టాడు. జ్ఞానయ్య వాడిని మెడ పట్టుకుని తెచ్చి గుంజ దగ్గర పడుకోబెట్టాడు. ఆయన వెనక్కి తిరగగానే వాడు లేచి దోనె ఎక్కేశాడు.

"అయిపోయింది" అన్నాడు జ్ఞానయ్య, తలపాగా తీసి గట్టు మీద చతికిలపడి. డాక్టరమ్మ అన్న మాటే, కానీ ఈయన నోట్లో దాని బరువు వేరు. "ఎల్లుండి బాబుగారొస్తారు. ఏం చెప్పను?"

సలోమి ఆ రోజంతా దోనె ఎదురుగా కూర్చుని వాడినే చూసింది. ఇన్నాళ్ళూ ఎడమ చెంప ఎక్కడా ఆనించలేక, తలని కుడివైపు నిలబెట్టుకోవడానికి ఒక ఆసరా కావాల్సి వచ్చింది వాడికి. ఆ ఆసరా గుంజ అయింది. తాడు అదురు దాంతో వచ్చిపడింది. అంతేగానీ వాడు ఉద్యోగం కోసం గుంజని వెతుక్కోలేదు. ఇప్పుడు నొప్పి లేదు. ఎడమ చెంప ఎక్కడ పెట్టినా నిద్ర పడుతుంది. నొప్పి పోయిన కుక్కని మళ్ళీ నొప్పి చోటుకి రమ్మంటే ఎందుకొస్తుంది?

ఆమె లేచి గుంజకి ఉన్న ముడి విప్పింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"వాడు తాడు దగ్గరికి రానంటున్నాడు నాన్నా. తాడే వాడి దగ్గరికి వెళ్తుంది."

జ్ఞానయ్య కూతురి చేతులు చూసి, లేచి వచ్చి తానూ తాడు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి తాడుని లాగి దోనె ముక్కుకి ఉన్న ఇనుప కడియానికి బిగించారు. జ్ఞానయ్య తాడుని ఒక్కసారి మీటి, చెక్క మీద అరచెయ్యి పెట్టి చూశాడు. ఆయన కనుబొమలు లేచాయి. బోలుగా బోర్లించిన దోనె మొత్తం సన్నగా మూలిగింది. గుంజలో పదో వంతు కూడా ఉండేది కాదు ఈ అదురు.

అప్పటికే బుల్లోడు దోనె మీద నిలబడి, చెవులు వేలాడేసుకుని, చెరువుకేసి చూస్తున్నాడు.

మూడో తారీఖు పొద్దు పొడుస్తుండగానే రావుగారి జీపు వచ్చింది. దిగీ దిగగానే ఆయన గుంజ వైపు చూశారు. గుంజ బోడిగా ఉంది. మొదట్లో కుక్క లేదు.

"ఏం జ్ఞానయ్యా? నేను చెప్పలేదా? తోడల్లుడికి ఫోన్ చెయ్యమంటావా?"

"ఒక్క నిమిషం ఆగండి బాబుగారూ" అన్నాడు జ్ఞానయ్య. సలోమి అక్కడే నిలబడి, వేలితో దోనె వైపు చూపించింది. బుల్లోడు నాలుగు కాళ్ళూ చాపి, ఎడమ చెంప చెక్కకి అంటించి, లోకం మర్చిపోయి నిద్రపోతున్నాడు.

"నిద్రపోతున్నాడుగా?"

"పోనివ్వండి" అంది సలోమి.

అవతలి గట్టు వైపునుంచి నల్లటి చుక్కలు నాలుగైదు వంపు తిరిగి వచ్చాయి. నీళ్ళకి ఆనుతూ ఆనుతూ మొదటి నీటికాకి తాడు మీద వాలింది. ఇంత దూరానికి డబ్బా చప్పుడు రాలేదు. కానీ రావుగారు డబ్బా కోసం చెవి ఒగ్గేలోపే దోనె మీద జాగా ఖాళీ అయింది. బుల్లోడు గట్టు మీద ఉన్నాడు. తల తిన్నగా ఉంది. రెండేళ్ళ తర్వాత వాడు నిటారుగా పరుగెత్తడం చూసి కనకమ్మ చేతిలో చెంబు పట్టుకునే నిలబడిపోయింది. వాడి మొరుగు చెరువు అవతలి కొస తాకి తిరిగొచ్చింది, నీటికాకులు ఒకదాని వెనక ఒకటి కొల్లేటి వైపు ఎగిరిపోయాయి.

రావుగారు దోనె దగ్గరికి వెళ్ళి కడియాన్ని, తాడుని, చెక్కని తాకి చూశారు. మీసం దువ్వుకోవడం మర్చిపోయారు.

"ఆ పక్కనున్న మన రెండో చెరువు తాడు కూడా ఇక్కడికే తెచ్చి కట్టరాదూ?" అన్నారు చివరికి.

"వీడు ఒక్కడండీ" అన్నాడు జ్ఞానయ్య. ఆయన గొంతులో పాత గొప్ప తిరిగొచ్చింది. "ఆ చెరువుకి కావాలంటే కామవరపుకోట పిల్లని తెప్పించండి. వీడి దగ్గర పని నేర్చుకుంటది."

ఆ సాయంత్రం రావుగారి సెల్‌ఫోనులోనే డాక్టరమ్మతో మాట్లాడింది సలోమి. రెప్ప మాట, ఆవలింత మాట, దోనె మాట వరసగా చెప్పింది. అవతల డాక్టరమ్మ వరదానాన్ని పిలిచి మళ్ళీ మొదటినుంచీ చెప్పమన్నారు.

"మరి కుడి చెవికి ఎప్పుడు తీసుకొస్తావు?"

సలోమి చెరువు వైపు చూసింది. వలవాళ్ళ తాళ్ళ కట్టలు అప్పటికే గట్టు మీదికి చేరాయి. బుల్లోడు వాటన్నిటినీ ఒకసారి వాసన చూసి వచ్చి, దోనె ఎక్కి, ఎడమ చెంప దించాడు.

"క్రిస్మస్ వెళ్ళాక తెస్తానండి" అంది. "ఈ వారం వాడికి పనుంది."